మా నాన్నగారి డబ్బు పోయిన చోటు ఏది?

పెన్నాతీరం (బెంగళూరు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో జరిగిన విషయం కావడం వల్ల ఇక్కడ రాయాలా వద్దా అని వారం రోజులు తటపటాయించాను. బ్యాంకుల్లో, కోర్టుల్లో, కంప్యూటర్ భద్రతా రంగంలో పనిచేసే తెలుగువారు ఈ వేదికలో చాలామంది ఉన్నారు కనుక చివరకు అడుగుతున్నాను.

మా నాన్నగారు అనంతపురం జిల్లాలో 34 ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేశారు. అమ్మ పోయాక ఇక్కడ మహదేవపురలో మాతోనే ఉంటున్నారు. గత నెలలో ఒక ఉదయం మేమిద్దరం ఆఫీసుకు వెళ్లిన తరువాత ఆయనకు ఫోన్ వచ్చింది. ఆయన ఆధార్ మీద తీసుకున్న సిమ్ కార్డు ఒక మనీ లాండరింగ్ కేసులో బయటపడిందని, ముంబయి పోలీసులు వీడియో కాల్‌లో విచారిస్తారని చెప్పారు. యూనిఫాం వేసుకున్న మనిషి, వెనుక గోడ మీద చిహ్నం, ముద్ర వేసిన వారంటు అన్నీ చూపించారు. ఇంట్లో ఎవరికైనా చెబితే వాళ్లనూ నిందితులుగా చేరుస్తామన్నారు. రెండు రోజులు ఆయన గది తలుపు వేసుకుని ఉంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. రెండో రోజు ఒక కుర్రవాడు లైనులోకి వచ్చి చక్కటి తెలుగులో, ‘మాస్టారూ’ అని పిలుస్తూ మాట్లాడాడట. ఆ పిలుపుతోనే ఆయనకు పూర్తిగా నమ్మకం కుదిరింది. డబ్బును పరిశీలించి తిరిగి పంపుతామంటే రెండు విడతల్లో 11 లక్షల 40 వేల రూపాయలు పంపేశారు. మూడో రోజు రాత్రి నాకు చెప్పి ఏడ్చారు. ఆ రాత్రే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాను, తెల్లవారి స్టేషన్‌కు వెళ్లాను.

స్టేషన్‌లో తెలిసింది ఇది. డబ్బు చేరిన మొదటి ఖాతా ఉత్తరాదిన ఒక చిన్న పట్టణంలో ఉంది. అక్కడి నుంచి గంటలోపే నాలుగు రాష్ట్రాల్లోని 11 ఖాతాలకు చీలిపోయింది. సిమ్ కార్డు మరో రాష్ట్రానిది. మాట్లాడినవాళ్లు బహుశా దేశంలోనే లేరు. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు కానీ, ‘సార్, ఇందులో మా పరిధిలో ఉన్నది మీ నాన్నగారు కూర్చున్న కుర్చీ ఒక్కటే’ అన్నారు.

నా చిన్నప్పుడు మా ఊళ్లో బోరు మోటారు పోతే, హెడ్ కానిస్టేబుల్ ఆ రాత్రి ఊరికి ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో నాలుగిళ్లలో వాకబు చేసి రెండో రోజుకే దొంగను పట్టుకున్నారు. ఆ పద్ధతికి ఇక కాలం చెల్లిందా? ప్రపంచమంతటా పోలీసులు ఇలాగే నిస్సహాయంగా ఉన్నారా, లేక వారి పని పద్ధతి మనకు కనబడని విధంగా మారిందా? ఇంత మంది చేతులు మారిన డబ్బు తిరిగి వస్తుందని ఆశించవచ్చా?

హొసూరు రోడ్డు (బెంగళూరు) సమాధానం:

పెన్నాతీరం గారూ, ముందుగా మీ నాన్నగారిని ఎవరూ మాట అనకుండా చూసుకోండి. నేను ఒక బ్యాంకులో మోసాల నియంత్రణ విభాగంలో పనిచేస్తున్నాను. డాక్టర్లు, ఇంజనీర్లు, పదవీ విరమణ చేసిన ఉన్నతాధికారులు కూడా ఇలాగే మోసపోవడం రోజూ చూస్తున్నాను. ఇలా వీడియో కాల్‌లో మనిషిని ఇంట్లోనే బంధించడాన్ని ‘డిజిటల్ అరెస్టు’ అంటున్నారు, మన చట్టాల్లో అలాంటిది ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఈ మాట చెప్పవలసి వచ్చిందంటే మోసం ఎంత దూరం పాకిందో ఊహించండి. కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల ప్రకారం దేశంలో సైబర్ మోసాల వల్ల పోయిన సొమ్ము 2023లో 7,465 కోట్ల రూపాయలు, 2024లో 22,845 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలైంది.

మీ ప్రశ్నకు నా వైపు నుంచి సమాధానం వేగం గురించి. మీ ఊళ్లో బోరు మోటారును దొంగ మోసుకుపోవాలి, దాచాలి, కొనేవాడిని వెతకాలి. హెడ్ కానిస్టేబుల్‌కు ఆ రెండు రోజులు దొరికాయి. ఇప్పుడు డబ్బు ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు, వాటి నుంచి మరో పదింటికి నిమిషాల్లో పోతుంది. వీటిని మేము మ్యూల్ ఖాతాలంటాం. నెలకు ఐదో పదో వేలకు ఆశపడి తమ పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు అప్పగించే విద్యార్థులు, కూలీలు వీటి సొంతదారులు. చివరి అంచెలో డబ్బును ఏటీఎంలో తీసేస్తారు, లేదా క్రిప్టో కరెన్సీగా మార్చి దేశం దాటిస్తారు.

ఈ ఎత్తుగడ సామాన్యుల మీదే కాదు, దేశాల మీద కూడా పనిచేసింది. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకు న్యూయార్కులో ఉన్న ఖాతా నుంచి సుమారు 95 కోట్ల డాలర్లు లాగడానికి దొంగలు నకిలీ ఆదేశాలు పంపారు. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు, న్యూయార్కులో శని, ఆదివారాలు సెలవు, డబ్బు చేరవలసిన ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో సోమవారం చైనా నూతన సంవత్సరపు సెలవు. ఒక చోట పిలిస్తే మరో చోట పలికేవారు లేని రోజులను చూసి దెబ్బ కొట్టారు. చాలా ఆదేశాలు ఆగిపోయినా 8 కోట్ల 10 లక్షల డాలర్లు మనీలా చేరాయి, వాటిలో చాలా భాగం అక్కడి కాసినోల్లో కలిసిపోయింది. బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడే నేర్పు కంటే ఆ సెలవుల లెక్క నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

అందుకే చాలా దేశాల్లో ఇప్పుడు పని వరస తిరగబడింది. మొదట దొంగను పట్టుకుని, తరువాత సొత్తు రాబట్టడం పాత పద్ధతి. ఇప్పుడు మొదట డబ్బును ఆపాలి, మనిషిని తరువాత వెతకాలి. మన దగ్గర 2021 ఏప్రిల్‌లో మొదలైన వ్యవస్థ అదే. 1930కి ఫిర్యాదు అందగానే యూటీఆర్ నంబరు (ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఆధారంగా డబ్బు వెళ్లిన ప్రతి బ్యాంకుకూ సమాచారం పోతుంది, మిగిలి ఉన్నంత మొత్తాన్ని అక్కడ హోల్డ్‌లో పెడతారు. సింగపూర్ మరో అడుగు ముందుకు వేసింది. మోసగాళ్ల మాయలో ఉన్న మనిషి ఎంత చెప్పినా వినకుండా డబ్బు పంపబోతుంటే, అతని సొంత ఖాతా లావాదేవీలనే కొంతకాలం ఆపించే అధికారం పోలీసులకు ఇస్తూ 2025లో చట్టం తెచ్చింది. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి ఇలాంటి మోసాల్లో పోయిన సొమ్మును 85 వేల పౌండ్ల వరకు బ్యాంకులే తిరిగి ఇవ్వాలి. అందులో సగం డబ్బు పంపిన బ్యాంకు భరిస్తే మిగతా సగం దొంగ ఖాతా ఉన్న బ్యాంకు భరించాలి. ఈ రెండో సగమే ముఖ్యమైనది. తన దగ్గర మ్యూల్ ఖాతా తెరిచిన పాపానికి బ్యాంకు తన జేబులోంచి కట్టవలసి వస్తే ఖాతా తెరిచేటప్పుడే కళ్లు తెరుచుకుంటాయి. బ్యాంకు మనిషినై ఉండి ఈ మాట అంటున్నాను, మన దేశానికీ అది రావాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన రక్షణ మీ నాన్నగారికి వర్తించడం కష్టం. అది ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకు ఉద్దేశించినది, ఈ డబ్బేమో ఆయన స్వయంగా పంపారు.

మీ ఫిర్యాదులో ఎంత మొత్తం హోల్డ్ అయిందో కనుక్కున్నారా?

పెన్నాతీరం:

కనుక్కున్నానండీ. రెండు ఖాతాల్లో కలిపి 2 లక్షల 85 వేలు ఆగాయని చెప్పారు. అవి ఎప్పుడు, ఎవరి ద్వారా తిరిగి వస్తాయో బ్యాంకులో స్టేషన్ అన్నారు, స్టేషన్‌లో బ్యాంకు అన్నారు.

ప్యారిస్ కార్నర్ (చెన్నై) సమాధానం:

నేను చెన్నైలో న్యాయవాదిని, మా పూర్వీకులది నెల్లూరు. ఆ 2 లక్షల 85 వేల సంగతి చివర చెబుతాను. అధికారి అన్న కుర్చీ మాట ముందు తేల్చాలి, ఎందుకంటే మీ కేసుకు ఆ కుర్చీ చాలు.

నేరం ఎక్కడ జరిగితే అక్కడి కోర్టే విచారించాలన్నది పాత సూత్రం. కానీ ఉత్తరాల ద్వారా, టెలిఫోన్ ద్వారా మోసాలు వచ్చిన నాడే దీనికి సడలింపు వచ్చింది. మోసపు సందేశం ఎక్కడ నుంచి వెళ్లిందో, ఎక్కడ అందిందో, ఆ రెండు చోట్లలో ఎక్కడైనా విచారించవచ్చు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 202వ సెక్షన్, ఎలక్ట్రానిక్ సందేశాలకూ వర్తిస్తుంది. మీ నాన్నగారు మహదేవపురలో కూర్చుని ఆ కాల్ అందుకున్నారు కనుక బెంగళూరు పరిధి వచ్చేసింది. ఒకవేళ పరిధి కాకపోయినా 173వ సెక్షన్ కింద ఏ స్టేషన్ అయినా ఫిర్యాదు తీసుకుని నమోదు చేయాలి, దానినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. సమాచార సాంకేతిక చట్టం 75వ సెక్షన్ విదేశాల్లో ఉండి మన కంప్యూటర్ల మీద నేరం చేసిన వాడికి కూడా వర్తిస్తుంది. అంటే కాగితం మీద చట్టానికి హద్దు లేదు. అధికారి జీపుకు మాత్రం హద్దు ఉంది.

ఈ తేడా ప్రపంచమంతటా ఉంది. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అనే పేరుతో వచ్చిన వైరస్ కొన్ని గంటల్లో ఖండాలు దాటి ప్రభుత్వ కార్యాలయాల, పెద్ద కంపెనీల ఈమెయిళ్లను స్తంభింపజేసింది. దాని జాడ మనీలాలోని ఒక విద్యార్థి ఇంటికి చేరింది. దొంగ దొరికాడు, కానీ నేరం లేదు! అలాంటి పనిని శిక్షించే చట్టం అప్పటికి ఫిలిప్పీన్స్‌లో లేకపోవడంతో అభియోగాలు ఉపసంహరించుకోవలసి వచ్చింది. జూన్‌లో కొత్త చట్టం చేసుకున్నా అది వెనుక తేదీకి వర్తించదు కదా. ఆ సంఘటన తరువాత, ప్రతి దేశం తన చట్టం తాను చేసుకుంటే చాలదని, దేశాలు ఒకరి పోలీసులకు ఒకరు సాక్ష్యం అందించుకునే ఏర్పాటు ఉండాలని స్పష్టమైంది. 2001 నవంబరులో యూరప్ మండలి ఆధ్వర్యంలో సైబర్ నేరాలపై బుడాపెస్ట్ ఒడంబడిక వచ్చింది. ఏ వేళనైనా పలికే ఒక సంప్రదింపు కేంద్రం ప్రతి సభ్య దేశంలో ఉండాలన్న నియమం అందులో ఉంది. దాని రూపకల్పనలో తనకు భాగం లేదన్న కారణంతో భారతదేశం అందులో చేరలేదు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2024 డిసెంబరు 24న తన సొంత సైబర్ నేరాల ఒడంబడికను ఆమోదించింది, 2025 అక్టోబరులో హనోయిలో సంతకాలు మొదలయ్యాయి. 40 దేశాలు ధ్రువీకరిస్తేనే అది అమలులోకి వస్తుంది. అంతవరకు మన అధికారికి ఒక విదేశీ సర్వర్ వివరాలు కావాలంటే కోర్టు లేఖలు, మంత్రిత్వ శాఖలు, దౌత్య మార్గాలు దాటాలి. దానికి నెలలు పడుతుంది, ఈలోగా సర్వర్‌లో ఆ వివరాలు చెరిగిపోతాయి.

మన రెండు నగరాలకు ఈ చరిత్రలో చోటుంది. దేశంలో మొదటి సైబర్ క్రైం పోలీస్ స్టేషన్ 2001లో బెంగళూరులో ఏర్పడింది. ఇంటర్నెట్‌లో ఒక మహిళను వేధించిన కేసులో 2004లో మా ఎగ్మూర్ కోర్టు ఏడు నెలల్లోపే శిక్ష వేసింది, సమాచార సాంకేతిక చట్టం కింద దేశంలో తొలి శిక్షగా దానిని చెబుతారు. అక్కడ నిందితుడు, బాధితురాలు, సర్వర్ వివరాలు అన్నీ అందుబాటులో ఉన్నాయి కనుక అంత త్వరగా సాధ్యమైంది. మీ కేసులో అవి మూడు చోట్ల ఉన్నాయి.

ఇక చేయవలసిన పని. నాన్నగారి ఫోన్‌ను రీసెట్ చేయకండి, వాట్సాప్ సంభాషణ ఒక్క ముక్క కూడా తుడిచివేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు మాత్రమే ఇస్తే చాలదు. ఎఫ్ఐఆర్ ప్రతి, 1930 అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, బ్యాంకు స్టేట్‌మెంటు, హోల్డ్ అయిన ఖాతాల వివరాలతో మీ ప్రాంతపు మేజిస్ట్రేటు కోర్టులో సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద డబ్బు విడుదలకు అర్జీ వేయండి. దర్యాప్తు అధికారి అభ్యంతరం లేదని చెబితే కోర్టు ఆదేశం ఇస్తుంది, దానిని చూపిస్తే బ్యాంకు కదులుతుంది. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా చాలామందికి డబ్బు తిరిగి ఇప్పించింది. మొత్తం వస్తుందని నేను చెప్పలేను, ఆగిన మొత్తానికి మాత్రం గట్టి అవకాశం ఉంది.

బెళ్లందూరు (బెంగళూరు) సమాధానం:

కంప్యూటర్ భద్రతలో పదిహేనేళ్లుగా ఉన్నాను. పోలీసులు నిస్సహాయులన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. కొన్ని విషయాల్లో వారికి మునుపెన్నడూ లేనంత శక్తి వచ్చింది.

2017లో నెదర్లాండ్స్ పోలీసులు ఇంటర్నెట్‌లో రహస్యంగా నడిచే ‘హన్సా’ అనే మాదకద్రవ్యాల మార్కెట్‌ను స్వాధీనం చేసుకుని కూడా మూసివేయలేదు. సుమారు నెల రోజులు తామే నడిపారు. అదే సమయంలో అమెరికా పోలీసులు ‘ఆల్ఫాబే’ అనే మరో మార్కెట్‌ను మూయించడంతో అక్కడి వ్యాపారులంతా పరుగున వచ్చి హన్సాలో చేరి, తమ చిరునామాలు పోలీసుల చేతికి తామే ఇచ్చారు. 2021 జూన్‌లో బయటపడిన ‘ఆనమ్’ వ్యవహారం ఇంకా పెద్దది. ఎవరూ వినలేని ఫోన్లని నమ్మి నేర ముఠాలు 100కు పైగా దేశాల్లో 12 వేల పరికరాలు కొన్నాయి. నిజానికి ఆ వ్యవస్థను నడిపింది అమెరికా ఎఫ్‌బీఐ, ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు. 800 మందికి పైగా పట్టుబడ్డారు.

మీ హెడ్ కానిస్టేబుల్ వాకబుకు కాలం చెల్లిందా అని అడిగారు. చెల్లలేదు. ఇంటర్నెట్‌లో ‘సిల్క్ రోడ్’ అనే చీకటి బజారును నడిపిన వ్యక్తి అన్ని రక్షణలూ పెట్టుకున్నాడు. కానీ ఒక పన్నుల శాఖ అధికారి ఓపికగా పాత పోస్టులు వెతుకుతూ పోయి, ఆ బజారు గురించి మొట్టమొదట ప్రస్తావించిన మారుపేరును, అదే మారుపేరుతో మరోచోట ఇచ్చిన సొంత ఈమెయిల్ చిరునామాను పట్టుకున్నాడు. 2013 అక్టోబరు 1న శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక పౌర గ్రంథాలయంలో, ల్యాప్‌టాప్ తెరిచి ఉండగానే లాక్కుని అతన్ని అరెస్టు చేశారు. ఆ రాత్రి ఊళ్లోకి ఎవరు వచ్చారని నాలుగిళ్లలో అడగడం కూడా ఇదే.

నాకున్న భయం మరొకటి. ఈ శక్తి ఎప్పుడూ దొంగ మీదే పడదు. మ్యూల్ ఖాతాలోని డబ్బుతో ఎవరో టీ తాగి యూపీఐలో చెల్లిస్తే, వేరే రాష్ట్రపు పోలీసుల ఉత్తరంతో ఆ టీ కొట్టు యజమాని ఖాతా మొత్తం ఫ్రీజ్ అయిన సందర్భాలున్నాయి. అతనికి ఫిర్యాదు నకలు రాదు, ఎవరిని అడగాలో తెలియదు. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలి కానీ ఖాతానంతా బిగించకూడదని కేరళ, మద్రాసు హైకోర్టులు చెప్పవలసి వచ్చింది. పెన్నాతీరం గారి డబ్బును ఆపిన మీటే ఆ టీ కొట్టు మనిషి బతుకునూ ఆపుతుంది. వేగం కావాలి, దానితో పాటు తప్పు జరిగితే అంతే వేగంగా సరిదిద్దే మనిషి పేరు, నంబరు కూడా కావాలి.

నాగావళి (చెన్నై) సమాధానం:

మాది శ్రీకాకుళం జిల్లా. మీ నాన్నగారితో ‘మాస్టారూ’ అని మాట్లాడిన కుర్రవాడి గురించి ఒక్క మాట చెప్పాలనిపించింది.

మా వైపు పల్లెల నుంచి, విశాఖపట్నం నుంచి ఎంతోమంది కుర్రవాళ్లు డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పిన ఏజెంట్లకు లక్షన్నర దాకా కట్టి కంబోడియా వెళ్లారు. అక్కడ దిగగానే పాస్‌పోర్టులు లాక్కుని, ప్రహరీ గోడల వెనుక కూర్చోబెట్టి, మనవాళ్లకే ఫోన్లు చేయించారు. చేయనన్నవాడికి తిండి పెట్టలేదు, కొట్టారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఈ ముఠాను బయటపెట్టిన తరువాత కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో వందలమంది భారతీయులు తిరగబడ్డారు, కొందరు విమానాల్లో విశాఖ చేరారు. మయన్మార్‌లో కనీసం 1 లక్ష 20 వేల మందిని, కంబోడియాలో సుమారు లక్షమందిని ఇలా బలవంతంగా మోసాల్లో పెట్టి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో చెప్పింది. మా ఇంటికి రెండు వీధుల అవతల కుర్రవాడు ఒకడు అలా తిరిగి వచ్చాడు. ఇప్పటికీ ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు. మీ నాన్నగారితో మాట్లాడిన కుర్రవాడూ అలాంటివాడే కావచ్చు. అతడు మీకు చేసిన అన్యాయాన్ని నేను తగ్గించి చెప్పడం లేదు. కానీ అతడు నిందితుడో, బాధితుడో, రెండూనో తేల్చే పద్ధతి మన స్టేషన్లలో ఇంకా సరిగా లేదు.

పెన్నాతీరం:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ప్యారిస్ కార్నర్ గారు చెప్పినట్లు కాగితాలన్నీ సిద్ధం చేశాను, సోమవారం ఒక స్థానిక న్యాయవాదితో కలిసి కోర్టుకు వెళుతున్నాం. కుర్చీ సంగతి, 202వ సెక్షన్ సంగతి అధికారికి చెప్పాను. ఆయన కాదనలేదు, పరిధి ఉన్నా పంపడానికి మనుషులు లేరన్నారు. ఒక బృందం నాలుగు రాష్ట్రాలు తిరిగి రావాలంటే ఎన్ని రోజులో ఆయనే లెక్క వేసి చూపించారు.

ఈ సమాధానాలన్నీ నిన్న రాత్రి నాన్నగారికి చదివి వినిపించాను. నాగావళి గారు రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. చాలాసేపటి తరువాత, ఇంతవరకు నాకు చెప్పని ఒక విషయం చెప్పారు. రెండో రోజు మధ్యాహ్నం యూనిఫాం మనిషి తెర మీద లేనప్పుడు ఆ కుర్రవాడు గొంతు తగ్గించి, ‘మాస్టారూ, అన్నం తిన్నారా?’ అని అడిగాడట. ఆ వెంటనే లైను నిశ్శబ్దమైపోయిందట.

స్టేషన్‌లో ఇవ్వవలసిన వివరమైన వాంగ్మూలాన్ని నాన్నగారు తన చేత్తోనే తెలుగులో రాస్తున్నారు, కన్నడ అనువాదం మా పక్కింటివారు చేసి పెడతామన్నారు. ఆ మాట కూడా అందులో రాయాలా అని నన్ను అడిగారు. రాయమన్నాను.